రిలీఫ్ అనే ఇంగ్లీషు మాటని ఎక్కడ, ఎలా వాడాలి

రిలీఫ్ అనే మాట మన నోళ్లలో ఎంతగా నలిగిందంటే, అది ఇంగ్లీషు మాట అన్న సంగతే గుర్తుండదు. మాత్ర వేసుకున్నాక కాస్త రిలీఫ్‌గా ఉందంటాం, పిల్లాడి ఫీజు కట్టేశాక రిలీఫ్ అంటాం, ఆపరేషన్ బిల్లులు పట్టుకుని సీఎం రిలీఫ్ ఫండ్‌కి అర్జీ పెడతాం, బదిలీ అయిన మాస్టారిని "రిలీవ్ అయ్యారాండీ?" అని అడుగుతాం. మాట్లాడేటప్పుడు ఇబ్బందేమీ లేదు. కాగితం మీద పెట్టేటప్పుడే చిక్కు, అర్జీలోనో, ఉద్యోగం కాగితంలోనో, పరీక్షలోనో ఈ మాట రాయాల్సి వచ్చినా, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చాల్సి వచ్చినా చాలామంది ఒకే ఒక్క మాట పట్టుకుంటారు: ఉపశమనం. అన్ని తాళాలకీ అదే తాళంచెవి.

మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊరు. సాయంత్రాలు పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను, పగలు ఊళ్లోవాళ్లకి అర్జీలు రాసిపెడతాను. ఈ రెండు పనుల్లోనూ నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మాట ఇదే. అందుకే నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మొదటి రెండు మెట్లు వదలకుండా చదవండి, తర్వాతవి మీ అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు.

1. ముందు బరువేదో చూడండి

ఈ మాటకి మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ లెవిస్ అంటే తేలిక. రెలెవారే అంటే మళ్లీ పైకి లేపడం, తేలిక చేయడం. ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఎలివేటర్‌లో ఉన్న లేపడం కూడా ఈ కుటుంబానిదే.

పుస్తకంలో కన్నా కళ్లంలో ఇది బాగా అర్థమవుతుంది. ధాన్యం లారీకెత్తేటప్పుడు చూడండి. 75 కిలోల బస్తా వీపు మీద వేసుకుని, చెక్క మీదుగా ఒక్కో అడుగూ ఊనుకుంటూ లారీ ఎక్కి, బస్తాని దబ్బున పడేసి, ఆ మనిషి ఒక్క క్షణం అలా వంగే ఉంటాడు, తర్వాత మెల్లగా నడుం ఎత్తి తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటాడు. ఆ నడుం ఎత్తడమే రిలీఫ్. బస్తా ఎక్కడికీ పోలేదు, లారీలో ఉంది. ఇంకా ఎత్తాల్సిన బస్తాలు కింద వరసగా ఉన్నాయి. అయినా ఆ క్షణానికి ఆ వీపు మీద బరువు లేదు.

ఈ మాట ఎక్కడ కనపడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. బరువు ఏది? అది ఎవరి మీద నుంచి దిగింది? పూర్తిగా దిగిందా, కాస్త తగ్గిందా? ఈ మూడిటికీ జవాబు దొరికితే తెలుగు మాట దానంతటదే వస్తుంది.

ఇప్పుడు ఉపశమనం సంగతి. శమనం అంటే చల్లారడం, అణగడం. కాబట్టి మంటకీ, నొప్పికీ, ఉక్కపోతకీ ఉపశమనం చక్కగా సరిపోతుంది. బియ్యం మూటకి సరిపోదు. "వరద ఉపశమనం కింద బియ్యం ఇచ్చారు" అని రాస్తే వరద చల్లారిందన్నట్టు ఉంటుంది తప్ప మనుషులకి తిండి అందిందన్నట్టు ఉండదు. చేతికి అందేదైతే సహాయం. మనసుకి తగిలేదైతే ఊరట. రూల్లోనో గడువులోనో దొరికేదైతే వెసులుబాటు. జీతంలో వచ్చేదైతే భృతి. వానైతే తెరిపి. ప్రాణం మీదకొచ్చిన ఆపదైతే గట్టెక్కడం, ఒడ్డున పడటం. ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో లాగించే పనికి మనకి ఇన్ని మాటలున్నాయి, వాటిని వాడుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

2. ఎఫ్, వి తేడా చేతికి అలవాటు చేసుకోండి

చివర ఎఫ్ ఉంటే నామవాచకం, రిలీఫ్. వి ఉంటే క్రియ, రిలీవ్. బిలీఫ్, బిలీవ్ ఎలాగో ఇదీ అలాగే. పలికేటప్పుడు ఒత్తు "లీ" మీద పడాలి.

ఎక్కువగా జరిగే తప్పు "ఐ యామ్ రిలీఫ్" అనడం. నేనే ఉపశమనాన్ని అన్నట్టు అవుతుంది. "ఐ యామ్ రిలీవ్డ్" అనాలి. వచ్చిన కబురు గురించి చెప్పాలంటే "ద న్యూస్ ఈజ్ ఎ రిలీఫ్". కబురు రిలీఫ్, మనిషి రిలీవ్డ్. ఈ ఒక్కటీ పిల్లల చేత పదిసార్లు చెప్పించండి, సగం తప్పులు పోతాయి.

మామూలుగా ఈ మాటని లెక్కపెట్టకూడదు. నీళ్లని ఒక నీళ్లు, రెండు నీళ్లు అనం కదా, అలాగే "మెనీ రిలీఫ్స్" అనకూడదు, "సమ్ రిలీఫ్", "గ్రేట్ రిలీఫ్" అనాలి. కానీ ఉన్నట్టుండి ప్రాణం లేచొచ్చినప్పుడు "వాట్ ఎ రిలీఫ్!" అంటారు, అక్కడ "ఎ" ఉండాల్సిందే. కోర్టు కాగితాల్లోనూ శిల్పాల విషయంలోనూ బహువచనం వస్తుంది, అది తర్వాత చెబుతాను.

వెంట వచ్చే చిన్న మాటలు: బరువు ముందు "ఫ్రమ్" పెట్టండి, రిలీఫ్ ఫ్రమ్ పెయిన్. మనిషి ముందు "ఫర్", రిలీఫ్ ఫర్ ఫార్మర్స్. వినడం, చూడడం లాంటివైతే "టు", రిలీవ్డ్ టు హియర్. మనిషి మీద నుంచి భారమో బాధ్యతో తీసేస్తే "ఆఫ్".

జంట మాటల దగ్గర కాస్త ఆగి చూడండి. పెయిన్ రిలీఫ్‌లో ముందున్న మాట బరువు, తగ్గాల్సింది నొప్పి. పూర్ రిలీఫ్‌లో ముందున్న మాట బరువు మోసేవాళ్లు, సాయం అందాల్సింది పేదలకి. ఆకారం ఒకటే, లోపలి సంబంధం వేరు. అందుకే మొదటి మెట్టులోని ప్రశ్నలు మర్చిపోవద్దన్నాను.

రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. రిలీవ్‌లో ఒక "ఇ" అక్షరం జారిపోతే అది రీలివ్ అవుతుంది. జరిగినదాన్ని మనసులో మళ్లీ అనుభవించడం అని దాని అర్థం. వరద నుంచి తేరుకున్నాం అనబోయి, వరదని మళ్లీ అనుభవించాం అని రాసిన కాగితాలు నేను దిద్దాను.

3. మనసు విషయమైతే హమ్మయ్యతో సరిచూడండి

వాక్యం ముందు "హమ్మయ్య" పెట్టి చదవండి. అతికితే అక్కడ రిలీఫ్ మనసుకి సంబంధించినది, తెలుగులో ఊరట, కుదుట, ఊపిరి పీల్చుకోవడం లాంటివి వాడండి. అతకకపోతే అర్థం వేరే.

2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 35 లక్షల తర్వాత మా ఊళ్లో అందరూ చెప్పుకునేది ఈ వరదే. ఆ రాత్రి మా వీధిలో నీళ్లు అరుగులెక్కాయి. మేం గోడ మీద సుద్దముక్కతో నీటిమట్టం దగ్గర గీత పెట్టి, గంటకోసారి టార్చి వేసి చూస్తూ కూర్చున్నాం. గీత మునిగింది. దానిపైన ఇంకోటి గీశాం, అదీ మునిగింది. మూడో గీత దగ్గర నీళ్లు ఆగిపోయాయి, పెరగవు, తగ్గవు, కప్పల రొద తప్ప చప్పుడు లేదు. తెల్లారగట్ల మా అమ్మ టార్చి అందుకుని వంగి చూసి, గీతకీ నీళ్లకీ మధ్య రెండు వేళ్లు పెట్టి, "హమ్మయ్య, నీరు తీస్తోందిరా" అంది. ఇల్లంతా నీళ్లే, పొయ్యి వెలిగించే చోటు లేదు, గేదెలు గట్టు మీద ఎలా ఉన్నాయో తెలియదు, అయినా ఆ రెండు వేళ్ల సందు చూశాక మా అందరి భుజాలూ ఒక్కసారి కిందకి దిగాయి.

దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ఇలా: "వియ్ వర్ రిలీవ్డ్ టు సీ ద వాటర్ గో డౌన్." లేదా "టు అవర్ రిలీఫ్, ద వాటర్ బిగాన్ టు గో డౌన్." రెండోది కథ చెబుతున్నట్టు ఉంటుంది, ఉత్తరాల్లో బాగుంటుంది. ఇక తెలుగులో "నీటిమట్టం తగ్గడం మాకు ఉపశమనం కలిగించింది" అని మాత్రం రాయకండి. మా అమ్మ అలా అనలేదు, మీ అమ్మా అనదు. "నీరు తీయడంతో ఊపిరి పీల్చుకున్నాం" అనండి, "గట్టెక్కాం" అనండి.

గట్టెక్కడం అన్న మాట దగ్గర ఒక్క మాట చెప్పాలి. వరదొస్తే లంకల్లోవాళ్లం నిజంగానే మూటాముల్లె, దూడలతో సహా ఏటిగట్టు ఎక్కుతాం. గట్టంటే చుట్టుపక్కల నేల కన్నా లేచి ఉన్న చోటు. పైకి లేపడం అన్న అర్థంలోంచి లాటిన్ మాట పుట్టిందని చెప్పాను కదా, ఎక్కడి లాటిన్, ఎక్కడి గోదావరి, కానీ ఆపద తప్పడమంటే కాస్త ఎత్తుకి చేరడమే అని రెండు భాషలవాళ్లకీ తోచింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలా సంతోషం వేసింది.

4. ఒంటి బాధ దగ్గర రిలీఫ్‌నీ క్యూర్‌నీ కలపకండి

తగ్గడం వేరు, నయమవడం వేరు. డాక్టరు "రిలీఫ్ ఉందా?" అని అడిగితే బాధ తగ్గిందా అని అడుగుతున్నారు, జబ్బు పోయిందా అని కాదు. మన ఇళ్లలో దీనికి మంచి మాటలున్నాయి: నెమ్మదించింది, నిమ్మళంగా ఉంది, మందుకి గుణం కనపడింది. ఇవన్నీ రిలీఫ్. పూర్తిగా నయమైంది అంటేనే క్యూర్.

ఇది మాటల తేడాయే కదా అనుకోవద్దు. క్షయకి మందులు వాడేవాళ్లకి కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. రిలీఫ్ వచ్చేసింది కదా అని అక్కడ మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మామూలుగా 6 నెలల కోర్సు పూర్తి చేయాలి. ఆస్పత్రి కాగితం మీద "సింప్టమాటిక్ రిలీఫ్" అని ఉంటే లక్షణాలు తగ్గాయని మాత్రమే అర్థం. పెద్దవాళ్లకి చదివి చెప్పేటప్పుడు "తగ్గిందట" అని ఆపేయకుండా "బాధ తగ్గింది గానీ మందులు ఆపొద్దట" అని మొత్తం చెప్పండి.

5. వరద, తుపాను కాగితాల్లో నాలుగు మాటలు విడదీసి రాయండి

మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను. 1996 నవంబరు 6 తుపాను చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరగానే మొదలయ్యే కాగితాల పనిలో ఈ నాలుగు మాటలూ కలగాపులగం అవుతూనే ఉన్నాయి.

రెస్క్యూ అంటే మనిషిని నీళ్లలోంచి బయటికి తేవడం. పడవ, తాడు, లైఫ్ జాకెట్. తెలుగులో రక్షించడం.

రిలీఫ్ అంటే బయటికొచ్చిన మనిషి ఆ పూటకి, ఆ వారానికి బతకడానికి కావాల్సినవి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్‌లో రిలీఫ్ క్యాంపులకి కనీస ప్రమాణాలు ఏ విషయాల్లో ఉండాలో చెప్పారు: తలదాచుకునే చోటు, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం. కాబట్టి క్యాంపులో తాగునీళ్లు లేవని అడిగేటప్పుడు దయచేసి ఇవ్వండి అన్నట్టు రాయక్కర్లేదు, ఈ సెక్షన్ పేరు పెట్టి రాయండి.

రిహాబిలిటేషన్ అంటే పునరావాసం, మళ్లీ కాపురం నిలబెట్టడం. ఇక్కడ మన తెలుగులోనే ఒక గందరగోళం ఉంది. స్కూల్లో నాలుగు రోజులు పడుకోబెట్టే చోటుని కూడా పేపర్లలో, అధికారుల నోట పునరావాస కేంద్రం అనే అంటారు. ఇంగ్లీషులో అది రిలీఫ్ క్యాంపే. అదే పోలవరం ముంపు గ్రామాల విషయంలో పునరావాసం అంటే ఊరు మొత్తం ఇంకోచోటికి తరలి స్థిరపడటం. కాబట్టి తెలుగు కాగితంలో పునరావాసం అని కనపడగానే ఇంగ్లీషులో రిహాబిలిటేషన్ అని రాసేయకండి, నాలుగు రోజుల మాటా నలభై ఏళ్ల మాటా అని చూసుకోండి.

నాలుగోది నష్టానికి ఇచ్చే డబ్బు. ఇదీ ఒకటి కాదు. చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. పంట పోయినవారికి ఇచ్చేది ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి రాయితీ. పోయిన పంట విలువ మొత్తం కాదు, మళ్లీ పంట వేసుకోవడానికి పెట్టుబడిలో సాయం.

ఇది నేను తెలుసుకున్న తీరు చెబుతాను. ఒక వరదప్పుడు మా పక్క లంకలో కౌలుకి అరటి, కంద వేసిన ఒక బాబాయి నా దగ్గరికొచ్చాడు. తోట వారం రోజులు నీళ్లలో నానింది. "కాస్త ఇంగ్లీషులో గట్టిగా రాయి అబ్బాయ్, చూడగానే పని జరగాలి" అన్నాడు. నేను పైన "రిక్వెస్ట్ ఫర్ ఫ్లడ్ రిలీఫ్" అని పెద్దక్షరాలతో రాసి, కింద ఆయన కష్టమంతా వివరంగా రాశాను. ఆ కార్యాలయంలో పైన ఉన్న మాట చూసి ఆ కాగితాన్ని బియ్యం, పప్పు అందనివాళ్ల కట్టలో పెట్టేశారు. ఆయనకి బియ్యం అప్పటికే అందాయి కాబట్టి, అందినట్టు రాసి ముగించారు. ఈలోగా పంటనష్టం ఎన్యూమరేషన్ వాళ్లు, అంటే నష్టం లెక్క రాసుకునేవాళ్లు, మా వైపు వచ్చి వెళ్లిపోయారు. ఆయన పేరు జాబితాలో ఎక్కలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం ఆ ఏడంతా ఆయన ఎదురుపడితే గొంతు పెగిలేది కాదు. కాగితం మొత్తం చదవని తప్పు వాళ్లది, పైన తప్పు మాట పెట్టిన తప్పు నాది.

అప్పటి నుంచి నేను ఇలా రాస్తున్నాను. పంట పోతే మొదటి వరసలోనే "పంటనష్టం నమోదు, ఇన్‌పుట్ సబ్సిడీ కోసం" అని తెలుగులోనే పెడతాను, వెంటనే సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, ఏ పంట, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీళ్లు నిలిచాయో ఒక్కో వరసలో. రైతు చేనులో నిలబడి తీసిన ఫోటో జత చేస్తాను. ఇల్లు కూలితే "ఇంటి నష్టం" అని వేరే కాగితం. సరుకులు అందకపోతే "వరద సహాయం అందలేదు" అని ఇంకో కాగితం. మూడు కష్టాలుంటే మూడు అర్జీలు. ఒకే అర్జీలో రిలీఫ్ అన్న గొడుగు కిందకి అన్నిటినీ చేర్చొద్దు. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.

సీఎం రిలీఫ్ ఫండ్ దీనికి వేరు. తెలుగులో ముఖ్యమంత్రి సహాయ నిధి, మన ఊళ్లలో ఎక్కువమందికి ఆస్పత్రి ఖర్చుల ద్వారానే తెలుసు. ప్రధానమంత్రి పేరున ఉన్న జాతీయ సహాయ నిధి 1948 జనవరిలో, దేశ విభజన వల్ల చెల్లాచెదురైనవాళ్ల కోసం మొదలైంది. రెండిట్లోనూ రిలీఫ్‌కి సహాయం అనే అన్నారు చూడండి, ఉపశమన నిధి అనలేదు. అది సరైన తెలుగు.

6. ఉద్యోగం కాగితాల్లో రిలీవ్

బదిలీ అయిన ఉద్యోగి పాత చోటి బాధ్యత దించుకుని బయటపడటం రిలీవ్ అవడం. ఆ కాగితం రిలీవింగ్ ఆర్డర్. ఆయన చోటులోకి వచ్చేవారు రిలీవర్. ఇక్కడ బరువు కుర్చీదే, ఒకరి భుజం మీద నుంచి ఇంకొకరి భుజం మీదకి మారుతుంది. అందుకే ఒక్క టీచరే ఉన్న బడిలో బదిలీ ఆర్డర్ చేతికొచ్చినా రిలీవర్ రాకపోతే రిలీవ్ చేయరు. ఏటిపాయ దాటి పడవలో వెళ్లే బడికి రిలీవర్ కోసం ఎదురుచూసే మాస్టార్ల టెన్షన్ చూస్తే, ఈ మాటకి తెలుగు ఎందుకు పుట్టలేదో అర్థమవుతుంది. రిలీవ్ అన్న మాటే వాళ్ల ఇళ్లలో వంటింటి మాటైపోయింది. దాన్ని అలాగే వాడండి, విముక్తులయ్యారు అని మార్చకండి, జైల్లోంచి వచ్చినట్టు ఉంటుంది.

రిలీవింగ్ కాగితంలో తేదీ పక్కన ఎఫ్‌ఎన్ అనో ఏఎన్ అనో ఉంటుంది, ఉదయం పూటా మధ్యాహ్నం తర్వాతా అని. అది లేకపోతే అడిగి రాయించుకోండి, సర్వీసు లెక్కలో తేడా రాకుండా ఉంటుంది. ప్రైవేటు కంపెనీల్లో రిలీవింగ్ లెటర్ వేరు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ వేరు. మొదటిది మీరు బాకీ ఏమీ లేకుండా బయటికొచ్చారనడానికి, రెండోది ఏం పని చేశారనడానికి. హైదరాబాదులో ఉద్యోగం మారే మన పిల్లలు రెండూ తీసుకోవాలి.

ఒక ప్రమాదం ఉంది. "హి వాజ్ రిలీవ్డ్ ఆఫ్ హిజ్ డ్యూటీస్" అని ఒంటరిగా రాస్తే తొలగించారు అన్న అర్థం కూడా వస్తుంది. బయోడేటాలో "రిలీవ్డ్ ఆన్ ట్రాన్స్‌ఫర్" అని కారణం కలిపి రాయండి.

జీతాల్లో ఐఆర్ అంటే ఇంటరిమ్ రిలీఫ్, తెలుగులో మధ్యంతర భృతి. కొత్త పీఆర్సీ, అంటే జీతాల సవరణ, తేలేలోపు ఇచ్చేది. 2019 జులై నుంచి రాష్ట్ర ఉద్యోగులకి ఇచ్చిన 27 శాతం ఇదే. పింఛనుదారులకి వచ్చే డీఆర్‌లో ఆర్ కూడా రిలీఫే, డియర్‌నెస్ రిలీఫ్. ఉద్యోగిగా ఉన్నప్పుడు అలవెన్స్, రిటైరయ్యాక రిలీఫ్.

7. కోర్టు, పన్ను, అప్పు

కోర్టులో రిలీఫ్ అంటే మీరు కోర్టుని ఏం ఇప్పించమంటున్నారో అది. పొలం అమ్ముతానని అగ్రిమెంటు రాసి, అడ్వాన్సు తీసుకుని, రిజిస్ట్రేషన్‌కి రానివాడి మీద వేసే దావా 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కిందకి వస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించమనడం ఒక రిలీఫ్, అది కుదరకపోతే అడ్వాన్సు వెనక్కి ఇప్పించమనడం ఇంకో రిలీఫ్. ఇక్కడే బహువచనం వచ్చేది. మీ వకీలుగారు దావా చూపించినప్పుడు ఏయే రిలీఫ్‌లు అడిగారో తప్పకుండా చదివించుకోండి. పేపర్లో "హైకోర్టులో ఊరట" అని వస్తే అది చాలాసార్లు మధ్యంతర ఉత్తర్వే, కేసు గెలిచినట్టు కాదు. మూడో ప్రశ్న గుర్తుంది కదా, దిగిందా, తగ్గిందా?

పన్నుల్లో మినహాయింపు, తగ్గింపు, రిలీఫ్ మూడూ వేరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో (2026 ఏప్రిల్ నుంచి దాని చోట 2025 నాటి చట్టం) 89వ సెక్షన్ రిలీఫ్ ఏమిటంటే, ఎప్పుడో రావాల్సిన బకాయి జీతం ఒకే ఏడాది కలిసి వచ్చి పన్ను పెరిగిపోతే ఆ అదనపు భారాన్ని తగ్గించడం. ఇక్కడ ఉపశమనం అన్నా పరవాలేదు.

అప్పుల దగ్గర రిలీఫ్ అంటే భారం తగ్గించడం, వేవర్ అంటే మాఫీ. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1938లో వచ్చిన వ్యవసాయదారుల చట్టం పేరులోనూ రిలీఫే ఉంది. రైతుకి రిలీఫ్ అని చెప్పి మాఫీ అనుకోనివ్వడం మంచిది కాదు, అర్జీ రాసేవాళ్లు ఈ తేడా ముందే చెప్పేయాలి.

8. శిల్పం, పటం, మిల్లు

ఇవి పరీక్షల్లో వస్తాయి, త్వరగా చెప్పేస్తాను. ఒక రూపాయి నాణెం తీసి బొటనవేలితో తడమండి. సింహాల బొమ్మ వేలికి తగులుతుంది. నేల మీద నుంచి బొమ్మ అలా పైకి లేచి ఉంటే దాన్నీ రిలీఫ్ అంటారు, ఇది ఇటాలియన్ రిలియేవో నుంచి వచ్చింది, మూలం మళ్లీ ఆ లేపడమే. అమరావతి స్తూపం పలకల మీద, మన బిక్కవోలు చాళుక్య గుళ్ల గోడల మీద ఉన్న బొమ్మలు ఈ రకం. తెలుగులో ఉబ్బెత్తు శిల్పం. భూగోళంలో రిలీఫ్ మ్యాప్ అంటే ఎత్తుపల్లాలు చూపించే పటం, అందులో మన డెల్టా దాదాపు బల్లపరుపుగా కనిపిస్తుంది. బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్‌కి ఉండే రిలీఫ్ వాల్వ్ లోపలి ఆవిరి ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదిలేస్తుంది. నాటకంలో బరువైన సీన్ల మధ్య వచ్చే హాస్యం కామిక్ రిలీఫ్.

ఇంకోటి, ఆడపిల్లలకీ మగపిల్లలకీ ముందే చెప్పి పెట్టండి: "రిలీవ్ వన్‌సెల్ఫ్" అంటే ఒంటికో రెంటికో వెళ్లడం. నేను కాస్త సేద తీరాలి అనుకుని ఇంటర్వ్యూలో "ఐ వాంట్ టు రిలీవ్ మైసెల్ఫ్" అనకూడదు.

9. ఇవి రాసి చూడండి

నాలుగు వాక్యాలు ఇస్తున్నాను, ఇంగ్లీషులో ఏ రూపం వస్తుందో ముందు మీరు రాసుకుని తర్వాత కిందది చూడండి. "వాన కాస్త తెరిపిచ్చింది, కోతలకి దిగుదాం." "కొత్త మాస్టారు రాకముందే మావయ్యగారిని పంపేశారు." "కొడుకు దుబాయ్‌లో క్షేమంగా దిగాడని ఫోనొచ్చాక పిన్ని కుదుటపడింది." "నీళ్లు దిగాయి గానీ ఇల్లింకా తడి ఆరలేదు, పొయ్యి రాజేసుకోవడానికి మాత్రం చోటు దొరికింది."

మొదటిదానికి రిలీఫ్ వద్దు, వాన ఆగింది అనడమే సరి. రెండోది రిలీవ్డ్ వితౌట్ ఎ రిలీవర్. మూడోది రిలీవ్డ్ టు హియర్. నాలుగోదానికి "సమ్ రిలీఫ్", ఆ "సమ్" తీసేయకండి, తడి గోడలు ఉన్నది దాంట్లోనే.